పిల్లలు చేసిన పండగ

ధనుర్మాసం వచ్చేసింది. ముగ్గులు, గొబ్బెమ్మలు, సెలవులు వరసగా వస్తాయి. వాటి వెనకాలే ప్లాస్టిక్ డబ్బాలూ వస్తాయి. ఈసారి ఇచ్చిపుచ్చుకునేవాటిని పిల్లల చేత చేయిస్తే ఎలా ఉంటుంది?

పేరంటాలకు వెళ్లొచ్చే ప్రతి ఇంట్లోనూ ఒక అర ఉంటుంది. వంటింటి అటకో, బీరువా కింది సొరుగో. మూత సరిగా పట్టని ప్లాస్టిక్ డబ్బాలు, చెయ్యి దూరనంత బుల్లి బుట్టలు, తళుకులు అద్దిన కుంకుమ భరిణెలు, ఎవరిచ్చారో గుర్తులేని గిన్నెలు అందులో పడుంటాయి. వాడదామంటే పనికిరావు, పారేద్దామంటే మనసొప్పదు. వచ్చే పేరంటంలో ఇంకొకరికి అంటగడదామని దాస్తాం. ఆవిడా అదే పని చేస్తుంది. అలా వీధంతా చుట్టి మొదట ఇచ్చినావిడ ఇంటికే చేరిన డబ్బాలు ఎన్ని ఉంటాయో!

బహుమతుల్లో రెండు రకాలే మంచివి. ఒకటి, అయిపోయేవి. రెండోది, ఏళ్ల తరబడి ఉండిపోయేవి. అరిసెలు అయిపోతాయి. భోగి పిడక కాలిపోతుంది. మెంతికూర పప్పులో పడుతుంది. ఏటికొప్పాక లక్కపిడతలైతే అమ్మ ఆడుకున్నవాటితోనే కూతురూ ఆడుకుంటుంది. తంటా అంతా ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవాటితోనే. అవి ఒక్కపూట ముచ్చట తీరుస్తాయి, ఆ తర్వాత మనం పోయినా అవి పోవు.

సరే, పర్యావరణహితంగా ఉందామని బయల్దేరితే బజారు అక్కడా కాచుకుని ఉంటుంది. ‘ఎకో క్రాఫ్ట్ కిట్’ పేరుతో అట్టపెట్టె, అందులో ప్లాస్టిక్ సంచి, సంచిలో మళ్లీ చిన్న సంచుల్లో రంగులు, జిగురు, తళుకుపొడి. ఆ తళుకుపొడి చాలావరకు సన్నటి ప్లాస్టిక్ పొరకు అల్యూమినియం పూత పూసి, పొడిగా కత్తిరించినదే. పిల్లల చేతుల మీంచి సింకులోకి, అక్కడి నుంచి కాలవలోకి పోతుంది. ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరు నుంచి విడిగా అమ్మే ప్లాస్టిక్ తళుకుపొడిని ఆపేసింది. మన దగ్గర 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద అమల్లో ఉన్న నిషేధం జాబితాను చాలామంది సరిగా చదవలేదు. అందులో స్ట్రాలు, ప్లేట్లే కాదు, అలంకరణకు వాడే థర్మకోల్ ఉంది, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలున్నాయి, మిఠాయి పెట్టెల మీదా ఆహ్వానపత్రికల మీదా చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర కూడా ఉంది. ఏ మిఠాయి దుకాణానికి వెళ్లినా ఆ పొర ఇంకా మెరుస్తూనే కనిపిస్తోంది, అది వేరే సంగతి.

అందుకే ఇక్కడ చెప్పబోయేవాటికి షరతు ఒక్కటే. కొత్తగా కొనేది వీలైనంత తక్కువుండాలి. ఇల్లు, పెరడు, పాత పేపర్ల కట్ట, పోపులపెట్టె... ముందు అక్కడ వెతకాలి.

పిడకలతో మొదలు

భోగి పిడకలు ఆఖరి వారంలో చేస్తే ఎండవు. ఈ నెలంతా పొగమంచు, ఎండ పదునుండదు. అందుకని ఇప్పుడే మొదలుపెట్టాలి. పేడను గడ్డీ గాదం లేకుండా ఏరి, చిన్న గారెల్లా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి గోడకో బల్లమీదో ఆరేస్తారు. పూర్తిగా ఎండాక పురికొసకు దండ గుచ్చడం పిల్లల పని. భోగినాడు తెల్లవారుజామున ఎవరి దండ వాళ్లు మంటలో వేస్తారు.

పట్నం పిల్లలు మొదట్లో ముక్కు మూసుకుంటారు. ఒకరిద్దరు ధైర్యం చేసి చెయ్యి పెట్టారంటే ఆ తర్వాత ఆపడం మన తరం కాదు. ఊరి చివర పాలవాళ్ల దగ్గర అడిగితే అపార్ట్‌మెంట్‌వాళ్లకు సరిపడా పేడ దొరుకుతుంది. ఆన్‌లైన్లో పిడకలు తెప్పించుకోవచ్చు కదా అంటారేమో. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, వందల కిలోమీటర్లు లారీలో వచ్చిన పిడకను పర్యావరణహితం అనడానికి నాకు నోరు రాదు. పైగా చేయడంలోనే కదా సరదా. విదేశాల్లో ఉన్నవాళ్లు సామాన్లలో సర్దుకుని తీసుకెళ్లాలని అస్సలు చూడొద్దు. 2021లో వాషింగ్టన్ దగ్గరి డలెస్ విమానాశ్రయంలో, భారత్ నుంచి వచ్చిన విమానంలోని ఓ పెట్టెలో రెండు పిడకలు బయటపడితే కస్టమ్స్‌వాళ్లు పట్టుకుని నాశనం చేశారు. పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి అక్కడికి పాకుతుందని వాళ్ల భయం.

గొబ్బెమ్మల సంగతి ఇంకా ముచ్చటైనది. గుమ్మడిపూలు పెట్టి, పసుపు కుంకుమలు చల్లి ముగ్గులో కూర్చోబెట్టిన గొబ్బెమ్మను తర్వాత పారేయరు. పిడకగా తట్టి ఎండబెడతారు. రథసప్తమినాడు ఆ పిడకల మీదే పాలు పొంగించి పరమాన్నం వండుతారు. పనికిరాకుండా పోయేదేమీ లేని పండగను మన అమ్మమ్మలు ఇలా అల్లిపెట్టారు. ఇక భోగిమంటలోకి విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, పాత టైర్లు తెచ్చేవాళ్లను ఇంటి పిల్లలే ఆపాలి. పెద్దవాళ్లు చెబితే గొడవవుతుంది, పదేళ్ల పిల్ల అడిగితే సిగ్గుపడి వెనక్కి తీసుకెళ్తారు.

పేపరు గుజ్జు గిన్నెలు

ఈ కథనంలో ఒక్కటే ప్రయత్నించే ఓపిక ఉందంటే, ఇది చేయండి. పాతకాలం ఇళ్లలో చాటలకూ బుట్టలకూ కాగితం గుజ్జు, మెంతిపిండి కలిపి అలికేవారు. వెదురు సందుల్లోంచి నూకలు జారకుండా ఉంటాయి, మెంతుల చేదుకు పురుగు చేరదు. ఆ గుజ్జుతోనే ఏకంగా గంపలు చేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. పేరంటానికి ప్లాస్టిక్ గిన్నె బదులు మనం ఇవ్వగలిగింది సరిగ్గా అదే.

పాత పేపర్లను పిల్లల చేత వేలెడు ముక్కలుగా చింపించండి. ఎంత చిన్నగా చింపితే అంత మంచిది. దీనికే ఒక సాయంత్రం పోతుంది, పోనివ్వండి. బకెట్లో నీళ్లు పోసి రెండు రోజులు నాననివ్వాలి. రంగుల పేజీలు, నున్నటి ప్రకటనల కాగితాలు సరిగా నానవు, వాటిని పక్కన పెట్టేయండి. ముందురోజు రాత్రి గుప్పెడు మెంతులు నానేయండి. పొద్దునకల్లా అవి ఉబ్బి జిగటగా తయారవుతాయి. వాటిని మెత్తగా రుబ్బి, నీరు పిండేసిన కాగితంతో కలిపి రోట్లో దంచాలి. మిక్సీ అయితే కొంచెం కొంచెంగా, నీళ్లు చేర్చి వేయాలి, లేదంటే మోటారు కాలి అమ్మ చేత తిట్లు తినాల్సొస్తుంది. ముద్ద చపాతీ పిండిలా చేతికి రావాలి. వేళ్ల మధ్య నొక్కితే బీటలు వారిందంటే మెంతులు చాలలేదని లెక్క.

ఇప్పుడు స్టీలు గిన్నెను బోర్లించి, తడిపిన పాత నూలు గుడ్డను ముడతల్లేకుండా కప్పి, ఆ గుడ్డ మీద గుజ్జును చిటికెనవేలి మందాన పరవాలి. గుడ్డ లేకపోతే గుజ్జు గిన్నెకు పట్టేసి ఊడిరాదు. అంచు దగ్గర పల్చనైతే అక్కడే విరుగుతుంది కాబట్టి చివర కాస్త దళసరిగా ఉంచాలి. ఒకరోజు నీడలో ఆరనిచ్చి ఆ తర్వాతే ఎండలో పెట్టండి. ముందే ఎండకు పెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండి వంకర తిరుగుతుంది. నాలుగైదు రోజుల్లో తట్టి చూస్తే టకటకమంటుంది. అప్పుడు గుడ్డతో సహా లాగితే ఊడొస్తుంది. లోపల చిరిగిన పట్టుచీర అంచు ముక్క అంటించారంటే బజారులో అమ్మేవాటికేం తీసిపోదు. పిల్లలు చేసింది కాబట్టి కొంచెం వంకరగా ఉంటుంది. సరిచేయకండి.

ఒక్క జాగ్రత్త. అచ్చు సిరా ఒంటికి మంచిది కాదు. ఆహార పదార్థాలను వార్తాపత్రికల్లో చుట్టవద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ చాలాసార్లు హెచ్చరించింది. అందుకని ఈ గిన్నెలో నూనె కారే అరిసెలు, జంతికలు వేయకండి. తాంబూలంలోని కొబ్బరికాయ, అరటిపళ్లు, పసుపు కొమ్ములు, గాజులు పెట్టడానికి బాగుంటుంది. అరిసెలకు ఖాళీ హార్లిక్స్ సీసాలు చాలు. ఇచ్చిన సీసాను తిరిగి తెమ్మని అడగడానికి మొహమాటపడొద్దు. మన పెద్దలు ఇచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదని చెప్పారంటే, గిన్నె తిరిగి రావాలనే కదా.

తాతయ్యకో రహస్య ఉత్తరం

పండక్కి ఊరెళ్తున్న పిల్లలు తాతయ్యకు ఏం పట్టుకెళ్తారు? ఉత్తరం రాయమనండి, కానీ చదవడానికి వీల్లేకుండా!

అర గ్లాసు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి, అగ్గిపుల్లకు దూది చుట్టి, తెల్ల కాగితం మీద దాంతో రాయాలి. చెవి పుల్లలు వద్దు, ప్లాస్టిక్ కాడవి కూడా నిషేధం జాబితాలోనే ఉన్నాయి. అక్షరాలు పెద్దవిగా, దూరదూరంగా రాయాలి. ఆరితే ఏమీ కనబడదు. ఆ కాగితాన్ని మడిచి, దానితో చిన్న పసుపు పొట్లం జతచేసి తాతయ్య చేతికివ్వాలి. ఆయన పసుపును నీళ్లలో కలిపి దూదితో కాగితం మీద మెల్లగా అద్దితే, పచ్చటి కాగితంలో రాసినచోటల్లా ఎర్రగా అక్షరాలు తేలతాయి. రుద్దితే అలుక్కుపోతుంది, అద్దాలంతే. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపుకు సున్నం చేర్చి కుంకుమ చేయడం, దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలపడం ఈ సూత్రంతోనే. చివర్లో నిమ్మరసం చుక్క వేసి చూపించమనండి, ఎరుపు మళ్లీ పసుపవుతుంది. బడిలో సైన్సు టీచరు నెలరోజులు చెప్పే పాఠం తాతయ్య ఒళ్లో ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇదే ఊపులో శంఖుపూలూ ప్రయత్నించొచ్చు. నీలం పూలను వేడినీళ్లలో వేస్తే నీలిరంగు దిగుతుంది, నిమ్మరసం పడితే ఊదారంగులోకి మారుతుంది. శుభాకాంక్షల కార్డులకు వాటర్ కలర్ పెట్టె కొనక్కర్లేదు.

అదే వెదురు, అదే కాగితం

డిసెంబరులో నక్షత్రం, జనవరిలో గాలిపటం. రెండింటికీ కావలసినవి సన్నటి బద్దలు, పల్చటి కాగితం, దారం, జిగురే. క్రిస్మస్‌కు ప్లాస్టిక్ నక్షత్రం కొని, నెల తిరక్కుండా ప్లాస్టిక్ పతంగి కొనే ఇళ్లు ఈ ఒక్క కట్ట వెదురు బద్దలతో రెండూ కానిచ్చేయొచ్చు. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, కొసలు కలిపి బిగించి, మధ్యలో ఐదు పొట్టి పుల్లలు అడ్డం పెడితే పొట్ట ఉబ్బిన నక్షత్రం వస్తుంది. దానికి రంగు కాగితం అతికి, లోపల చిన్న ఎల్ఈడీ బల్బు వేలాడదీయాలి. కొవ్వొత్తి మాత్రం పెట్టకండి. క్రిస్మస్‌కు కట్టే పశువుల పాకకు థర్మకోల్ ఎందుకు? కోతలైపోయిన కాలమిది, ఎండుగడ్డి ఎవరినడిగినా ఇస్తారు.

జిగురుకు మైదాపిండిని పల్చగా ఉడికిస్తే చాలు. పుస్తకాలు బైండు చేసేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల పనిలోకి రానివ్వకండి. రెండు రోజులకోసారి కొత్తగా ఉడికించుకోండి.

చిన్నపిల్లల గాలిపటానికి వెదురు కూడా అక్కర్లేదు. పేపరును చదరంగా కత్తిరించి, ఒక కొబ్బరి ఈనెను మూల నుంచి మూలకు నిలువుగా పెట్టి, మెత్తటి ఈనెను విల్లులా వంచి అడ్డంగా అతికించాలి. అతకడానికి అన్నం మెతుకులు. పాత చీర అంచు చింపి తోక కడితే గింగిరాలు తిరక్కుండా నిలబడుతుంది. డాబాలెక్కి పేచ్‌లు వేసే పతంగులకు ఇది పోటీ రాదు, నిజమే. కానీ తాను చేసింది లేచినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి.

దారం దగ్గర మాత్రం రాజీ లేదు. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 జులైలోనే దేశమంతా నిషేధించింది. అయినా ఏటా సంక్రాంతికి చైనా మాంజా పేరుతో దొంగచాటుగా అమ్ముడవుతూనే ఉంది, ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్ల గొంతులు తెగుతూనే ఉన్నాయి. పండగైపోయాక చెట్లకు చిక్కుకున్న ఆ దారం కుళ్లదు, తెగదు. పక్షుల కాళ్లకూ రెక్కలకూ చుట్టుకుంటుంది. మామూలు నూలుదారం కొనండి, అది కూడా ఎగురుతుంది.

కొలువులో పచ్చిక, కొలువుకో బొమ్మ

కోస్తాలో చాలా ఇళ్లలో బొమ్మల కొలువు సంక్రాంతికే. బొమ్మలు సర్దడం పెద్దవాళ్ల పనైనా, కొలువు ముందు పార్కు వేయడం పిల్లల హక్కు. ఐదారు రోజుల ముందు వెడల్పాటి పళ్లెంలో మట్టి పరిచి, రాత్రంతా నానిన మెంతులు, ఆవాలు ఒత్తుగా చల్లి, పల్చగా మట్టి కప్పి రోజూ రెండుపూటలా నీళ్లు చిలకరించాలి. పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. మూడోనాటికి తెల్లటి మొలకలు తలెత్తుతాయి, కొలువు నాటికి చేను సిద్ధం. అందులోంచి ముగ్గుపొడితో బాట తీసి, కొండపల్లి ఎడ్లబండిని నిలబెడితే ఇక ఏ థర్మకోల్ కొండా దాని ముందు నిలవదు. కొలువెత్తేశాక మెంతిమొలకలు కోసి పప్పులో వేసుకోవచ్చు.

ఏటా కొలువుకు ఒక్క కొత్త బొమ్మైనా చేర్చాలన్నది ఆనవాయితీ. దారం, కాగితం లాంటివి వదిలేస్తే బజారులో కొనక తప్పని వస్తువు ఇదొక్కటే, అందుకే దీన్ని చూసి కొనాలి.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది ఏటికొప్పాక. అక్కడ అంకుడు కర్రను తరిణి పట్టి తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. బ్రష్షు ముంచే పనే లేదు. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. ఒకప్పుడు ఇక్కడా రసాయన రంగులు చొరబడ్డాయి. గింజలు, వేళ్లు, బెరళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులను మళ్లీ పట్టాలెక్కించడానికి చింతలపాటి వెంకటపతిరాజు ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటం మీద దిల్లీలో ఊరేగినవీ ఈ బొమ్మలే. ఆ శకటానికి రాష్ట్రాల్లో మూడో స్థానం వచ్చింది.

కొండపల్లి బొమ్మ తీరు వేరు. తెల్ల పొణికి కర్ర దూదంత తేలిక. కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. నిర్మల్‌లోనూ పొణికి కర్రే. అయితే వీటిలో చాలావాటికి ఇప్పుడు ఎనామిల్ రంగులు వేస్తున్నారు. అందుకని నా లెక్క ఇది: కొలువు మెట్ల మీద కూర్చోవడానికి కొండపల్లి, ఏదిచ్చినా నోట్లో పెట్టుకునే పాపాయికి సహజరంగుల ఏటికొప్పాక గిలక్కాయ. కొనేటప్పుడు రంగు దేనిదని అడగండి. చేసినవాళ్లు గర్వంగా చెబుతారు, తెలియని దుకాణదారు తడుముకుంటాడు. ధర కాస్త ఎక్కువే. మూడు ప్లాస్టిక్ బొమ్మల డబ్బు ఒక్కదానికి పెట్టండి.

ఖర్చు లేనివి ఇంకొన్ని

అమ్మమ్మ పాత నేతచీరతో చేతిసంచులు కుట్టించండి, పదేళ్లు దాటిన పిల్లలు సూది పట్టగలరు. ఆడపిల్లలకే నేర్పి ఊరుకోకండి. కేలెండరు కాగితాన్ని పొట్లంగా మడిచి ధనియాలు పోసి, పైన వాడే విధానం పిల్లల రాతలో రాయించండి. ధనియాన్ని కాళ్ల కింద నలిపి రెండు బద్దలు చేసి చల్లాలన్న ముక్క మర్చిపోకుండా రాయాలి. ఈ చలికాలంలో కొత్తిమీర, మెంతికూర, పాలకూర కుండీలో కూడా బాగా వస్తాయి. తాటిచెట్లున్న ఊరికి వెళ్తే తాటాకు గిరగిర, రెండు తాటిబుర్రలతో బండి చేయడం అక్కడి పిల్లల దగ్గరే నేర్చుకోవాలి. అవి వీడియోల్లో చూసినంత మాత్రాన వచ్చేవి కావు.

నాకు అన్నిటికన్నా నచ్చేవి పని చీటీలు. పది చీటీల మీద పది పనులు పిల్లలే రాసి నాయనమ్మకు ఇస్తారు. ‘సూదిలో దారం ఎక్కిస్తాను’, ‘ఫోన్లో ఫొటోలు చూపిస్తాను’, ‘కాళ్లు పడతాను’, ‘చింతపండు పిక్కలు తీస్తాను’. ఆవిడకు కావాల్సినప్పుడు చీటీ చూపిస్తే, ఆటలో ఉన్నా సరే లేచి రావాలి. షరతు కఠినంగా అమలు చేయించే బాధ్యత అమ్మానాన్నలది.

ఇక పని మొదలుపెట్టండి. పిడకలు ఈ వారమే తట్టాలి. గుజ్జు గిన్నెలకు నానడం, ఆరడం కలిపి పది రోజులు వేసుకోండి. పార్కు మెంతులు కొలువుకు ఆరు రోజుల ముందు చల్లితే చాలు, అంతకన్నా ముందు చల్లితే పండగనాటికి వాలిపోతాయి. రహస్య ఉత్తరం మాత్రం ఊరెళ్లే ముందురోజు రాత్రి రాసినా సరిపోతుంది.